క్యుప్రైట్: ఎర్రని రాగి ఖనిజం

క్యుప్రైట్ అనేది రాగి, ఆక్సిజన్ తప్ప మరేదీ లేని ఎర్రని ఖనిజం. ఇందులో రెండు రాగి పరమాణువులకు ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటుంది. రసాయన శాస్త్రంలో దీని పేరు క్యుప్రస్ ఆక్సైడ్. రాగి పరమాణు భారం 63.5, ఆక్సిజన్‌ది 16 కాబట్టి ఖనిజం బరువులో 88.8 శాతం రాగే ఉంటుంది. గనుల నుంచి ప్రపంచమంతా ఎక్కువగా తవ్వే చాల్కోపైరైట్‌లో రాగి 34.6 శాతం. ఆకుపచ్చని మాలకైట్‌లో 57.5, నల్లని చాల్కొసైట్‌లో 79.8 శాతం. రాగి లోహమే ముద్దగా దొరికే అరుదైన చోట్లను పక్కన పెడితే, ముఖ్యమైన రాగి ఖనిజాల్లో దీనంత లోహం ఉన్నది లేదు. అయినా ఒక్క క్యుప్రైట్‌ మీదే ఆధారపడి నడిచే పెద్ద గని కనిపించదు. అది ఎంత గొప్ప ఖనిజమో అంత కొద్దిపాటి చోటులోనే పుడుతుంది. దానికి కారణం దాని రసాయన స్వభావంలోనే ఉంది.

రాగి ఆక్సిజన్‌తో రెండు అంచెల్లో కలుస్తుంది. మొదటి అంచెలో ప్రతి రాగి పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది. అప్పుడు ఏర్పడేది ఎర్రని క్యుప్రస్ ఆక్సైడ్. రెండో అంచెలో రెండు ఎలక్ట్రాన్లు పోయి నల్లని క్యుప్రిక్ ఆక్సైడ్ వస్తుంది. ప్రకృతిలో ఆ నల్లని ఖనిజాన్ని టెనొరైట్ అంటారు. ఆక్సిజన్ సోకని లోహానికీ, ఆక్సిజన్‌తో పూర్తిగా నిండిన నల్ల ఆక్సైడుకూ నడుమ ఉన్నది క్యుప్రైట్. కాస్త ఎక్కువ ఆక్సిజన్ అందితే ముందుకు జరుగుతుంది, కాస్త తగ్గితే వెనక్కి లోహంగా మారుతుంది. దాని రంగు, అది దొరికే లోతు, పాత రాగిరేకుల మీద అది పరుచుకునే తీరు, విద్యుత్తుతో దాని నడవడి అన్నీ ఈ నడిమి స్థితి నుంచే వస్తాయి.

ఈ ఖనిజానికి క్యుప్రైట్ అని 1845లో ఆస్ట్రియా ఖనిజ శాస్త్రవేత్త విల్హెల్మ్ హైడింగర్ పేరు పెట్టాడు. రాగికి లాటిన్‌లో ఉన్న క్యుప్రం అనే మాట దానికి మూలం. అంతకుముందు గని పనివాళ్లు దాన్ని ఎర్ర రాగి ఖనిజమనీ, కెంపు రాగి అనీ పిలిచేవారు.

మంచి క్యుప్రైట్ స్ఫటికం ఎనిమిది ముఖాలతో, రెండు పిరమిడ్లను అడుగుకు అడుగు ఆనించినట్టు ఉంటుంది. ఘనాకారంలోనూ, పన్నెండు ముఖాలతోనూ పెరుగుతుంది. ఒకే స్ఫటికం మీద ఈ మూడు రకాల ముఖాలూ కలిసి కనిపించడం మామూలే. మందంగా ఉన్న స్ఫటికం నల్లగా, ఉక్కు మెరుపుతో ఉంటుంది. చూడగానే ఎర్రనిది అనిపించదు. దీపానికి అడ్డం పెట్టి పలుచటి అంచు నుంచి చూస్తే లోపలి ముదురు ఎరుపు బయటపడుతుంది. మోహ్ కొలమానంలో కాఠిన్యం 3.5 నుంచి 4 వరకు. అంటే కత్తి మొనతో తేలిగ్గా గీత పడుతుంది. విశిష్ట గురుత్వం 6.1కి దగ్గర. అరచేతిలో పెట్టుకుంటే అదే పరిమాణంలో ఉన్న మామూలు గులకరాయి కంటే రెట్టింపు బరువు తోస్తుంది. నునుపు చేయని పింగాణీ పలక మీద రుద్దితే గోధుమ ఛాయ ఉన్న ఎర్ర చార పడుతుంది.

స్ఫటికాలుగా కాక ఇది మరో రెండు రూపాల్లోనూ దొరుకుతుంది. ఘనం ఒకే దిక్కుకు సాగిపోయి వెంట్రుకలంత సన్నని పోగులైతే దాన్ని చాల్కోట్రికైట్ అంటారు. రాతి పగుళ్లలో ఎర్రని నూగులా అల్లుకుని ఉండే ఈ రూపం ఊపిరి తగిలినా కదులుతుంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గనులు దీనికి పేరుపడ్డాయి. రెండోది ఇనుప ఆక్సైడులతో కలిసిపోయిన మట్టి రూపం. పెంకు రంగులో ఉండే ఈ ముద్దను చూసి రాగి ఉందని ఎవరూ అనుకోరు. నిజానికి గనుల్లో బయటపడే క్యుప్రైట్‌లో చాలా భాగం ఇలా అందచందాలు లేనిదే.

క్యుప్రైట్‌ వక్రీభవన గుణకం 2.85. వజ్రానిది 2.42. వెలుగును వంచే శక్తిలో ఈ ఎర్ర రాయి వజ్రాన్ని మించిపోయింది. ఈ పోలిక ఎన్టీఆర్ జిల్లాలోని నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతపు పాఠకులకు మరింత దగ్గరగా తోస్తుంది. చందర్లపాడు మండలం గుడిమెట్ల కొండల్లో తొలకరి వానలు పడగానే జనం వజ్రాల కోసం నేల గాలించడం ఏటా జరిగేదే. కంచికచర్ల దగ్గరి పరిటాల, కృష్ణకు ఆవలి ఒడ్డున కొల్లూరు పాత వజ్రాల గనులుగా చరిత్రకెక్కాయి. ఆ గాలింపులో చూపు పట్టేది రాయి లోపలి నుంచి తిరిగివచ్చే మెరుపునే. అలాంటి మెరుపు క్యుప్రైట్‌కూ ఉంది. అయితే వజ్రం కాఠిన్యం 10, దీనిది 4 లోపు. గాలిలో ఉండే మామూలు ఇసుక ధూళి కూడా దీన్ని గీకేస్తుంది. అందుకే సానపట్టిన క్యుప్రైట్ ఉంగరానికి పనికిరాదు, సేకరణకర్తల పెట్టెల్లోనే ఉంటుంది. నమీబియాలోని ఒంగాంజా గనిలో 1970ల్లో బయటపడిన పెద్ద స్ఫటికాలు బయట మాలకైట్ పచ్చపొర, లోపల పారదర్శకమైన ఎరుపుతో ఉండేవి. వాటి నుంచి వంద క్యారెట్లు దాటిన రాళ్లను చెక్కారు. వెలుతురు ఎక్కువ కాలం సోకితే క్యుప్రైట్ ముఖం మసకబారి నల్లబడుతుంది కాబట్టి మ్యూజియాలు దీన్ని నీడలోనే ఉంచుతాయి.

ఈ ఖనిజంలో పరమాణువుల అమరిక చాలా పొందికైనది. ప్రతి ఆక్సిజన్ పరమాణువు చుట్టూ నాలుగు రాగి పరమాణువులు, ప్రతి రాగి పరమాణువుకు అటూ ఇటూ ఒకే సరళరేఖలో రెండు ఆక్సిజన్ పరమాణువులు. ఇలా అల్లుకుపోయిన చట్రాలు రెండు ఒకదానిలో ఒకటి చొచ్చుకుని ఉంటాయి. ఒకదాని పరమాణువు రెండోదాని పరమాణువుతో ఎక్కడా నేరుగా బంధం కట్టదు. ఇంత సాదా నిర్మాణంలో ఇటువంటి జంట అల్లిక ఉన్న ఖనిజాలు అరుదు.

దీని రంగుకు కారణం కూడా చెప్పుకోదగ్గదే. ఒక ఎలక్ట్రాన్ మాత్రమే పోగొట్టుకున్న రాగి సమ్మేళనాలు చాలావరకు రంగులేనివి, తెల్లనివి. మైలుతుత్తం లాంటి నీలం, పచ్చ రంగులు రెండు ఎలక్ట్రాన్లు పోయిన రాగివి. క్యుప్రైట్‌లో రాగి ఒక ఎలక్ట్రానే పోగొట్టుకున్నా రంగు వచ్చింది. ఘనపదార్థంలో ఎలక్ట్రాన్లు కింది శక్తి పట్టీ నుంచి పై పట్టీకి ఎగబాకాలంటే ఇక్కడ 2.17 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఆకుపచ్చ, నీలం, ఊదా కాంతికి అంతకు మించిన శక్తి ఉంటుంది కాబట్టి వాటిని ఖనిజం మింగేస్తుంది. ఎరుపు కాంతికి అంత శక్తి లేదు. అది ఒక్కటే ఇవతలికి దాటి వస్తుంది.

క్యుప్రైట్ భూగర్భపు లోతుల్లో వేడి ద్రవాల నుంచి నేరుగా పుట్టే ఖనిజం కాదు. ముందు గంధకంతో కూడిన రాగి ఖనిజం ఉండాలి, అది నేలపైకి దగ్గరపడాలి, గాలి కలిసిన వాననీరు దాన్ని తాకాలి. సాధారణంగా ఆ తొలి ఖనిజం ఇత్తడి రంగు చాల్కోపైరైట్. అందులో రాగి, ఇనుము, గంధకం ఉంటాయి. దాని పక్కనే పైరైట్ కూడా ఉంటుంది. వాననీటిలోని ఆక్సిజన్ ఈ రెండింటినీ కొరుక్కుతిన్నప్పుడు గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. ఇనుము ఎటూ కదలలేక తుప్పురంగు ఆక్సైడుగా పైనే గడ్డకట్టి ఉండిపోతుంది. గుల్లగుల్లగా, ఎర్రగా, పసుపుగా కనిపించే ఈ పైతొడుగును గని వెతికేవాళ్లు ఇనుప టోపీ అంటారు. దాన్ని చూసే కింద ఏముందో ఊహిస్తారు. రాగి మాత్రం ఆమ్లపు నీటిలో కరిగి కిందికి దిగుతుంది.

దిగే దారిలో దానికి ఎదురయ్యే పరిస్థితిని బట్టి అది ఏ రూపం తీసుకోవాలో తేలుతుంది. కార్బొనేటు రాళ్లు తగిలితే ఆమ్లం విరిగిపోయి రాగి ఆకుపచ్చ మాలకైట్‌గా, నీలి అజురైట్‌గా పేరుకుంటుంది. సిలికా ఎక్కువైతే నీలిపచ్చ క్రిసకొల్లా వస్తుంది. నీటిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉండి, ఆమ్లం దాదాపు చల్లారి, ఆక్సిజన్ ఇంకా కొద్దిగా మిగిలి ఉన్న చోట మాత్రమే క్యుప్రైట్ పుడుతుంది. ఇంకాస్త కిందికి పోతే ఆ కొద్ది ఆక్సిజన్ కూడా ఉండదు. అక్కడ రాగి లోహంగానే తీగలుగా, రేకులుగా మిగులుతుంది. భూగర్భ జలమట్టం దాటాక మళ్లీ గంధకంతో కలిసి చాల్కొసైట్ అవుతుంది. అంటే పైన ఆక్సీకరణ మండలానికీ, కింద గంధక ఖనిజాల మండలానికీ మధ్య ఉన్న సన్నని పట్టీ క్యుప్రైట్ చోటు. గని పనివాళ్లకు క్యుప్రైట్, రాగి రేకులు కలిసి కనిపిస్తే ఆక్సీకరణ మండలం అడుగుకు చేరువయ్యామని గుర్తు. చాల్కొసైట్ పొర మళ్లీ పైకి తేలి ఆక్సిజన్ పాలబడినప్పుడు కూడా క్యుప్రైట్ బాగా ఏర్పడుతుంది. అందులో పైరైట్ లేకపోతే ఆమ్లం పుట్టదు, రాగి కొట్టుకుపోదు, ఉన్నచోటే ఎర్రబడుతుంది.

పుట్టినంత మాత్రాన అది అలాగే నిలబడుతుందని కాదు. నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే స్ఫటికం ఆకారం చెడకుండా పైనుంచి లోపలికి మాలకైట్‌గా మారిపోతుంది. ఫ్రాన్స్‌లో లియాన్ దగ్గరి షెస్సీ గనిలో ఇలా పూర్తిగా పచ్చబడిన ఎనిమిది ముఖాల స్ఫటికాలు దొరికాయి. ఆకారం క్యుప్రైట్‌ది, పదార్థం మాలకైట్‌ది.

తెలుగు నేలలో రాగి ఉన్న చోట్లు పెద్దవి కాకపోయినా, ఈ వరసను అర్థం చేసుకోవడానికి చక్కని ఉదాహరణలు. ఎన్టీఆర్ జిల్లా జగ్గయ్యపేట మండలంలో, హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి అడుగుపెట్టే చోట ఉన్న గరికపాడు నుంచి చూస్తే, వాటిలో ముఖ్యమైనది కృష్ణకు దక్షిణాన వంద కిలోమీటర్ల లోపే ఉంది. అది పల్నాడు జిల్లా వినుకొండ ప్రాంతంలోని అగ్నిగుండాల. గరికపాడు చుట్టుపక్కల నేల వేరే సరుకుకు పేరు. కర్నూలు శ్రేణికి చెందిన నార్జి సున్నపురాయి ఇక్కడ పొరలు పొరలుగా పరుచుకుంది. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలు దానిమీదే నిలబడ్డాయి. విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత సున్నపురాయి గని కూడా జగ్గయ్యపేట దగ్గరే ఉంది. పట్టీలు పట్టీలుగా ఉండే మాగ్నటైట్ క్వార్ట్‌జైట్ రూపంలో తక్కువ రకం ఇనుప ఖనిజం కూడా ఈ చుట్టుపక్కల ఉంది.

అగ్నిగుండాల దగ్గర మూడు నిక్షేపాలు ఒకదానికొకటి చేరువలో ఉన్నాయి. బండలమొట్టులో ప్రధానంగా సీసం, నల్లకొండలో రాగి, ధూకొండలో రాగి, సీసం రెండూ. ఇవన్నీ కడప మహాశ్రేణిలోని నల్లమల వర్గపు రాళ్లు. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన వయసున్న డోలమైట్, క్వార్ట్‌జైట్, పలకరాళ్లు ముడతలు పడి నిలిచాయి. అసలు ఖనిజాలు చాల్కోపైరైట్, సీసపు గెలీనా. బండలమొట్టులో హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం గని నడిపింది, తర్వాత అది మూతపడింది. ఆధునిక సర్వేలకు చాలా ముందే ఇక్కడి రాగిని తవ్వారనడానికి కొండల మీద పాత గుంతలు సాక్ష్యం. ఆ పూర్వీకులకు దారి చూపించింది రాతి మీద పచ్చని మరకలే. డోలమైట్ కార్బొనేటు రాయి. అందులో దిగే రాగినీటికి కార్బొనేటు ఎప్పుడూ చేతికందేంత దూరంలో ఉంటుంది కాబట్టి ఎర్ర ఆక్సైడు కంటే పచ్చ మాలకైట్‌దే పైచేయి అవుతుంది. అదే రాగి క్వార్ట్‌జైట్ పగుళ్లలో దిగితే ఆ పోటీ ఉండదు. ఖనిజపు రంగును నిర్ణయించేది అందులోని రాగి ఒక్కటే కాదు, దాన్ని మోసుకువచ్చిన నీరు, ఆ నీటిని తాకిన రాయి కూడా. ఈ సంగతి పల్నాటి కొండల్లో కంటికి కనిపిస్తుంది.

నెల్లూరు జిల్లా గరిమెనపెంట దగ్గర కూడా పాత రాగి గుంతలు ఉన్నాయి. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వృక్షోద్యానాన్ని చూసుకున్న వైద్యుడు బెంజమిన్ హైన్ తెలుగు ప్రాంతాల్లో విస్తృతంగా పర్యటించి, తాను చూసిన ఖనిజాలు, గనుల గురించి 1814లో లండన్‌లో అచ్చయిన తన వ్యాస సంపుటిలో రాశాడు. తెలంగాణలో ఖమ్మం ప్రాంతపు మైలారం రాగి నిక్షేపానికి పేరుంది. దేశం మొత్తం మీద పెద్ద రాగి గనులు రాజస్థాన్‌లోని ఖేత్రి, జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్, మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్. మలాంజ్‌ఖండ్‌లో గ్రానైట్‌ను చీల్చుకుని నిలిచిన క్వార్ట్జ్ రాతి గోడలో ఖనిజం ఉంది. చుట్టూ కార్బొనేటు రాయి తక్కువ. అక్కడి పై మండలంలో మాలకైట్‌తోపాటు క్యుప్రైట్, రాగి రేకులు, చాల్కొసైట్ వరసగా నమోదయ్యాయి. తెలుగు విద్యార్థి క్యుప్రైట్‌ను గనిలో దాని సహజమైన చోట చూడాలనుకుంటే రాజస్థాన్ కంటే దగ్గరి దారి అదే.

జగ్గయ్యపేట, నందిగామ ఊళ్లలో ఎర్ర రాయి కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ ఇనుపదే అవుతుంది. ఇనుప హెమటైట్‌కూ క్యుప్రైట్‌కూ చార రంగు దగ్గరగా ఉండడం వల్ల గజిబిజి పడడం సహజం. తేడా తెలుసుకోవడం మాత్రం కష్టం కాదు. హెమటైట్‌ గట్టి ముక్క కాఠిన్యం 5 నుంచి 6 దాకా ఉంటుంది, కత్తి మొన దాని మీద జారుతుంది. క్యుప్రైట్ మీద కత్తి దిగుతుంది. బరువులోనూ హెమటైట్ 5.2 దగ్గరే ఆగుతుంది. పాదరసం ఖనిజమైన ఇంగిలీకం కూడా ఎర్రనిదే, కానీ అది దాదాపు గోరంత మెత్తనిది. ప్రయోగశాలలో ఇంకా నమ్మకమైన పరీక్ష ఉంది. చూర్ణాన్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి చల్లని నీళ్లు పోస్తే తెల్లని క్యుప్రస్ క్లోరైడ్ విరిగిన పాలలా అడుగుకు దిగుతుంది. ఇనుము అలా దిగదు. ఆమ్లంతో తడిపిన చూర్ణాన్ని మంటలో పెడితే నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు వస్తుంది. బొగ్గు మీద పెట్టి ఊదు గొట్టంతో మంటను దాని మీదికి కొడితే కాసేపటికి మెరిసే రాగి గింజ మిగులుతుంది.

ఈ చివరి పరీక్షే వేల ఏళ్ల నాటి రాగి తయారీకి నమూనా. ఆక్సైడు ఖనిజాన్ని బొగ్గుతో వేడిచేస్తే బొగ్గు ఆక్సిజన్‌ను లాగేసుకుని లోహాన్ని వదులుతుంది. గంధక ఖనిజాలకు ముందు గంధకాన్ని కాల్చి వదిలించాలి, తర్వాత ఇనుమును చిట్టెంగా వేరుచేయాలి. అందుకే ప్రాచీన కొలిమివాళ్లు మొదట పైపై ఆక్సైడు, కార్బొనేటు ఖనిజాలనే వాడుకున్నారు. తమాషా ఏమిటంటే, గంధక ఖనిజం నుంచి రాగి తీసే నేటి పద్ధతిలోనూ చివరి మెట్టు దగ్గర క్యుప్రస్ ఆక్సైడే పని చేస్తుంది. కరిగిన కాపర్ సల్ఫైడ్‌లోకి గాలి ఊదితే కొంత భాగం క్యుప్రస్ ఆక్సైడ్ అవుతుంది. అది మిగిలిన సల్ఫైడ్‌తో చర్య జరిపితే రాగి లోహం, సల్ఫర్ డయాక్సైడ్ వస్తాయి. చల్లారేటప్పుడు ఆ వాయువు బుడగలై లోహం మీద పొక్కులు లేస్తాయి. అదే బొబ్బల రాగి. అందులో మిగిలిన ఆక్సైడును తొలగించడానికి కరిగిన రాగిని పచ్చి కర్రలతో కలియబెట్టే పద్ధతి ఇంటర్మీడియట్ పుస్తకాల్లో పోలింగ్ పేరుతో ఉంటుంది. కర్ర నుంచి వచ్చే వాయువులు ఆ ఆక్సిజన్‌ను లాగేస్తాయి.

గని నుంచి వచ్చిన క్యుప్రైట్‌ను శుద్ధి చేయడంలో మాత్రం ఒక చిక్కు ఉంది. నురుగుతో ఖనిజాన్ని తేల్చే పద్ధతికి గంధక ఖనిజాలు లొంగినట్టు ఇది లొంగదు. ముందుగా దాని పైపొరను సోడియం సల్ఫైడ్‌తో మార్చాలి. విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిద్దామంటే సగమే కరుగుతుంది. నడిమి స్థితిలో ఉన్న రాగి ఆమ్లంలో నిలవలేక రెండుగా చీలుతుంది. ఒక పరమాణువు మైలుతుత్తంగా నీటిలోకి వెళితే, రెండోది లోహంగా అడుగున మిగిలిపోతుంది. ఆ రెండో సగాన్నీ కరిగించాలంటే ఫెర్రిక్ ఇనుము లాంటి ఆక్సీకరణి తోడు కావాలి.

గనికి వెళ్లకపోయినా ప్రతి ఇంట్లోనూ క్యుప్రస్ ఆక్సైడు ఉంటుంది. తళతళలాడే రాగి చెంబు కొన్నాళ్లకు ఎర్రగా, గోధుమ రంగుగా మసకబారుతుంది. ఆ పొరలో మొదట ఏర్పడేది ఇదే. చింతపండు పులుసు పెట్టి తోమితే అందులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది, లోహం మళ్లీ బయటపడుతుంది. పొలాల్లో కాలిపోయిన బోరు మోటారును వైండింగ్ షాపులో విప్పితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మాడిన తీగ పైన నల్లని పెచ్చు ఉంటుంది, గోటితో రాల్చితే దాని కింద ఎర్రని పొర, దాని కింద రాగి. బయటి గాలి తగిలే చోట పూర్తి ఆక్సైడు, లోహాన్ని అంటుకున్న చోట సగం ఆక్సైడు. నేల కింద పదుల మీటర్ల మేర జరిగే వరస ఒక తీగ మీద వెంట్రుక మందంలో కనిపిస్తుంది. వేడి 1030 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలిలో కూడా నల్ల ఆక్సైడు ఆక్సిజన్‌ను వదిలి ఎర్రదిగా మారుతుంది. క్యుప్రస్ ఆక్సైడ్ కరగడానికి 1230 డిగ్రీలకు పైగా వేడి కావాలి.

శాసన పరిశోధకులకు ఈ ఖనిజంతో మరింత దగ్గరి సంబంధం ఉంది. శాలంకాయనులు, విష్ణుకుండినులు, వేంగి చాళుక్యులు దానపత్రాలను రాగిరేకుల మీద చెక్కించారు. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో బయటపడే రేకుల మీద పచ్చని పెచ్చు కట్టి ఉంటుంది. మట్టిలో పడిన రాగి మీద మొదట సన్నని క్యుప్రైట్ పొర ఏర్పడుతుంది. తర్వాత నేలలోని తేమ, కార్బన్ డయాక్సైడ్‌ల వల్ల దాని పైన మాలకైట్ పెరుగుతుంది. రేకు అసలు ఉపరితలపు ఆనవాలు తరచూ ఆ ఎర్ర పొరలోనే నిలిచి ఉంటుంది. పైపచ్చను జాగ్రత్తగా తొలగించి ఎర్రపొర దగ్గర ఆగితే అక్షరాల అంచులు దక్కుతాయి. ఆమ్లంతో ఒక్కసారిగా లోహం దాకా తోమేస్తే వాటిలో సన్నని గీతలు శాశ్వతంగా పోతాయి. అందుకే దొరికిన రేకును ఇంట్లోనే చింతపండుతో శుభ్రం చేయడం చరిత్రకు తీరని నష్టం. నేలలో ఉప్పు ఎక్కువైతే మరో ప్రమాదం ఉంది. క్యుప్రైట్ పొర కింద క్యుప్రస్ క్లోరైడ్ చేరుతుంది. మ్యూజియంలోకి వచ్చాక గాలి తేమ తగిలితే అది లేతపచ్చని పొడిగా ఉబ్బి, కంచు విగ్రహాలనైనా లోపలి నుంచి తినేస్తుంది.

గాజులో ఇదే ఆక్సైడు ఎరుపు రంగుకు కారణమవుతుంది. ప్రాచీన భారతంలో తయారై ఆగ్నేయాసియా దాకా వెళ్లిన చిన్న ముదురెరుపు పూసలకు రంగునిచ్చింది గాజులో సన్నగా చెదిరిన రాగి, క్యుప్రస్ ఆక్సైడు రేణువులు. అలా రావాలంటే కొలిమిలో గాలి తగ్గించాలి, లేకపోతే గాజు నీలిపచ్చగా మారుతుంది. కరిగిన గాజును గొట్టంగా లాగి పూసలు చేసే ఆ పురాతన పనితనం ఇటీవలి కాలం దాకా నిలిచిన కొద్ది చోట్లలో శ్రీకాళహస్తి ప్రాంతపు పాపానాయుడుపేట ఒకటి.

రసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ క్యుప్రస్ ఆక్సైడును చేతులారా తయారు చేసే ఉంటాడు. బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం నమూనా కొన్ని చుక్కలు వేసి మరిగిస్తే చక్కెర లేనప్పుడు నీలంగానే ఉంటుంది. చక్కెర ఉంటే దాని మోతాదును బట్టి ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక ఎరుపు. గ్లూకోజ్ రాగికి ఒక ఎలక్ట్రాన్ తిరిగి ఇచ్చేస్తుంది, అడుగున దిగే ఎర్ర మడ్డి క్యుప్రస్ ఆక్సైడే. పరీక్ష పట్టీలు రాకముందు మధుమేహం పరీక్షకు ఊరి ఆసుపత్రుల్లో దశాబ్దాల పాటు ఇదే ఆధారం.

సేద్యంలో రాగి మందులు కొత్తవి కావు. గరికపాడులో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఈ మెట్ట ప్రాంతంలో మిరప, పత్తి రైతులకు కాపర్ ఆక్సీక్లోరైడ్ బాగా పరిచయం. క్యుప్రస్ ఆక్సైడ్ కూడా అదే కుటుంబపు శిలీంద్రనాశిని. ఆకు మీది తేమలో కొద్దికొద్దిగా కరిగే రాగి అయాన్లే బూజు బీజాలను మొలకెత్తనివ్వవు. ఓడల అడుగున నత్తలు, నాచు పట్టకుండా పూసే ఎర్ర రంగుల్లోనూ చాలా కాలంగా ప్రధాన సరుకు ఇదే.

విద్యుత్తు రంగంలో దీని పాత్ర సిలికాన్ కంటే పాతది. స్ఫటికంలో అక్కడక్కడా రాగి పరమాణువులు లోపించి ఖాళీలు ఉంటాయి. ఆ ఖాళీల వల్ల ధన రంధ్రాలు కదులుతూ కరెంటును మోస్తాయి. 1920ల్లో అమెరికాలో గ్రోండాల్ అనే పరిశోధకుడు రాగి బిళ్ల మీద ఈ ఆక్సైడు పొరను పెంచి, కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే రెక్టిఫైయరును తయారు చేశాడు. రైలు సిగ్నళ్లలో, రేడియోల్లో, కొలత పరికరాల్లో అది విరివిగా నడిచింది. తర్వాత సెలీనియం, జెర్మేనియం, సిలికాన్ దాన్ని పక్కకు నెట్టాయి.

భౌతిక శాస్త్రంలో మాత్రం క్యుప్రైట్‌ను ఏదీ పక్కకు నెట్టలేదు. కాంతి తగిలి పైకి లేచిన ఎలక్ట్రానూ, అది వదిలిన ధన రంధ్రమూ ఒకదాన్నొకటి చుట్టుకుని హైడ్రోజన్ పరమాణువులా జంటగా తిరగవచ్చు. ఎక్సైటాన్ అనే ఈ జంటను 1952లో లెనిన్‌గ్రాడ్‌లో గ్రాస్, కర్రియెవ్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆక్సైడు వర్ణపటంలోనే గుర్తించారు. 2014లో జర్మనీలోని డార్ట్‌మండ్ విశ్వవిద్యాలయ బృందం 25వ శక్తి స్థాయి దాకా వెళ్లిన ఎక్సైటాన్లను ఇందులో చూసింది. అంతటి ఎక్సైటాన్ వ్యాపించే మేర రెండు మైక్రోమీటర్లు దాటుతుంది. పరమాణువుల మధ్య దూరంతో పోలిస్తే అది వేల రెట్లు. ఆ ప్రయోగానికి వాడిన స్ఫటికం నమీబియాలోని త్సుమెబ్ గనిలో దొరికింది. 2022లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నమీబియా క్యుప్రైట్‌ను పలుచగా చేసి రెండు అద్దాల మధ్య ఉంచి, ఈ పెద్ద ఎక్సైటాన్లను కాంతితో కలిపి చూపించారు. క్వాంటం కంప్యూటర్లకు కావలసిన పరికరాల దిశలో ఈ పని సాగుతోంది. ప్రయోగశాలల్లో క్యుప్రస్ ఆక్సైడ్ స్ఫటికాలను పెంచుతున్నా, ఇటువంటి సున్నితమైన కొలతలకు ఇప్పటికీ గని నుంచి వచ్చిన మంచి స్ఫటికాన్నే వెతుక్కుంటున్నారు.